గుక్క తిప్పుకోని అక్కచెల్లెళ్ళు

మా చిన్నక్క కూతురు నిన్న పొద్దున్నే నా ఫోనుకి ఒక పాట పంపించింది. వాళ్ళమ్మ బీరువాలో పట్టుచీరల అడుగున పాత క్యాసెట్టు దొరికిందట. దాన్ని ఎవరి చేతో కంప్యూటర్లోకి ఎక్కించి, ఏదో యాప్‌లో వేసి, బూజు దులిపినట్టు దులిపిందట. "పిన్నీ, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను. టేపు గరగరలు, హార్మోనియం కిర్రుమనడాలు, మీరు ఊపిరి పీల్చుకునే చప్పుళ్ళు, పాటయ్యాక మాటలు, అన్నీ తీసేశాను. ఎంత క్లీన్‌గా వచ్చిందో చూడు" అని కింద రాసింది.

పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టి విన్నాను. నిజమే, చాలా శుభ్రంగా ఉంది. పిల్ల కష్టపడింది, మెచ్చుకోవాలి. కానీ ఊపిరి చప్పుళ్ళు తీసేశానని అంత సంబరంగా చెబితే నాకు ఏడుపు ఆగలేదు. ఆ పాటలో నాకు కావలసినవి ఆ చప్పుళ్ళే. ఆ సంగతి ఆ పిల్లకెలా తెలుస్తుంది? నేనెప్పుడు చెప్పాను గనక?

మా నాన్నగారు హార్మోనియం మాష్టారు. పద్యనాటకాలు జోరుగా ఆడే రోజుల్లో గోదావరికి అటూ ఇటూ ఆయన పెట్టె మోగని ఊరు లేదనేవారు. ఆ నాటకాల్లో జనానికి పద్యం కన్నా, పద్యం చివర తీసే రాగమే ముఖ్యం. నటుడు గుక్క తిప్పుకోకుండా ఎంతసేపు రాగం లాగితే అన్ని ఈలలు, అన్ని వన్స్‌మోర్లు. కథలో రాజు చచ్చిపోతున్నా సరే, లేచి మళ్ళీ పాడి చావాల్సిందే. సినిమా హాళ్ళు పెరిగి నాటకాలు వెనకబడ్డాక, నాన్నగారు పెట్టె భుజానేసుకుని మండపేట వచ్చేశారు. మిల్లుల వెనక వీధిలో రెండు గదుల పెంకుటిల్లు. ఇంట్లో అమ్మ, ముగ్గురు ఆడపిల్లలం. పెద్దక్కకి, నాకు ఏడేళ్ళ తేడా. మధ్యలో చిన్నక్క.

ఒకనాడు అన్నం తింటూ తింటూ నాన్నగారు చెయ్యి కంచంలోనే ఆపేసి, "ఏమే, ఒక్క గొంతుకైతే గుక్క అయిపోతుంది. మూడు గొంతులు కలిపి ఒక్క గొంతు చేశామనుకో, ఇక ఆ రాగానికి చివరెక్కడుంటుంది?" అన్నారు.

"ముందు ఆ ముద్ద మింగండి" అంది అమ్మ.

ఆ మర్నాటి నుంచీ మా ముగ్గురికీ సాధన మొదలైంది. తెల్లవారుతుండగా అరుగు మీద నిలబెట్టేవారు. మిల్లుల్లోంచి ఉడికిన వడ్ల వాసన ఆవిరిగా వీధంతా కమ్మేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు తెలియకుండానే నడుం నిటారవుతుంది. పెద్దక్కకి గుక్క ఎక్కువ, కాబట్టి నడుమ ఆవిడ. ఎడమ చిన్నక్క, కుడి పక్క నేను. చేతులు వెనక్కి పెట్టుకుని చిటికెన వేళ్ళు పట్టుకోవాలి. పాడుతూ పాడుతూ ఎవరికి ఊపిరి కావాలో వాళ్ళు పక్కవాళ్ళ వేలు నొక్కాలి. నొక్కించుకున్నవాళ్ళు, వేలు మళ్ళీ వదిలేదాకా ఊపిరి తీయకూడదు, రాగం మొయ్యాలి. దీనికి నాన్నగారు 'అప్పగింత' అని పేరు పెట్టారు.

నాకూ చిన్నక్కకీ నొక్కడానికి పెద్దక్క వేలు ఒక్కటే ఉండేది. ఆవిడకి మాత్రం అటు ఒకటి, ఇటు ఒకటి, రెండూ ఒక్కసారే నొక్కకూడదు. మా ఇద్దరి ఊపిరి లెక్కా ఆవిడకి తెలుసు. ఆవిడ అటువైపు ఏం నొక్కిందో ఇటున్న నాకు తెలిసే దారి లేదు.

నాన్నగారు పెట్టె ముందు కూర్చుని కళ్ళు మూసుకునేవారు. "అప్పగింత జనానికి తెలియకూడదర్రా. నాక్కూడా తెలియకూడదు. ఎవరు ఎక్కడ ఊపిరి తీశారో నా చెవికి చిక్కిందంటే మీరు తప్పు చేసినట్టే" అనేవారు. మొదట్లో రోజుకి ఇరవైసార్లు చిక్కేవాళ్ళం. చిక్కినప్పుడల్లా కళ్ళు తెరవకుండానే, "చిన్నది" అనో, "నడిపిది" అనో అనేవారు. పెద్దక్క ఒక్కసారి కూడా చిక్కలేదు. అది చూసి నాకు ఒళ్ళుమంట.

మా ఇంట్లో గొంతు పేరు చెబితే దేనికైనా చెల్లేది. బడి ఎగ్గొట్టొచ్చు, గిన్నెలు తోమక్కర్లేదు. కానీ తిండి దగ్గర నోరు కట్టేసుకోవాల్సిందే. వీధిలో పిల్లలందరూ పొద్దున్నే పులిసిన తరవాణిలో అన్నం పిసుక్కుని ఉల్లిపాయ నంజుకుంటుంటే, మాకు మిరియాల చారు. బుగ్గన కరక్కాయ ముక్క. పులుపు నిషేధం. ఎండాకాలం మామిడికాయ వైపు చూసినా నాన్నగారికి కోపమొచ్చేది.

చూడకుండా ఉంటానా? పక్క దొడ్లో కాయలు రాలితే ఉప్పూకారం పొట్లం కట్టుకుని పోయి, గోడ చాటున కూర్చుని నాలుగు కాయలు తినేశాను. సాయంత్రం దగ్గర ఊళ్ళో తీర్థం, మా పాట. ఎడ్లబండి దిగేసరికి నా గొంతు కప్ప గొంతయింది. పెద్దక్క చెవిలో చెప్పాను. ఆవిడ నాకేసి ఒక్క చూపు చూసి, "నోరు తెరిచి మూస్తూ ఉండు. నీ రాగం నేను పాడతాను" అంది. పాడింది. రెండు గొంతుల రాగం ఒక్కతే మోసింది. నాన్నగారికి చిక్కలేదు. తిరిగొచ్చేటప్పుడు తీర్థంలో కొన్న జీళ్ళు నా నోట్లో పెడుతూ, "ఇంకోసారి మామిడికాయ ముట్టుకున్నావంటే వీపు విమానం మోత మోగుతుంది" అని నా జడ లాగింది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, చచ్చేదాకా.

మూడేళ్ళు తిరిగేసరికి మాకు పేరొచ్చింది. గుడ్డ మీద ఎర్ర అక్షరాలతో 'గుక్క తిప్పుకోని అక్కచెల్లెళ్ళు' అని రాయించి కట్టేవారు. అమ్మవారి పందిళ్ళు, తీర్థాలు, పెళ్ళిళ్ళు. నాన్నగారు కట్టిన అమ్మవారి పాట ఒకటుండేది. దాని చివర రాగం అందుకున్నామంటే జనం మాట్లాడటం మానేసేవారు. ముసలాళ్ళు చేతి గడియారాలు చూసుకునేవారు. ఒకాయన ఏకంగా వేదిక దగ్గరికొచ్చి మా మొహాలు పరీక్షగా చూసి, "మాష్టారూ, ఈ పిల్లలకి ముక్కులు ఊరికే పెట్టారాండీ?" అని అడిగాడు. నాన్నగారు మురిసిపోయారు. ఆ ఒక్క మాట నెల్లాళ్ళు చెప్పుకున్నారు.

ఆ ఏడు ఎండలు ముదిరాక పెద్దక్క నా వేలు నొక్కడం ఎక్కువైంది. మామూలుగా రాగానికి ఒక్కసారి నొక్కేది. అలాంటిది రెండయింది, మూడయింది. ఎండకి అలిసిపోతోందేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల సంతోషం కూడా. నా గుక్క పెరిగిందని, నా మీద నమ్మకం కుదిరిందని.

ఇంకా కొన్ని చూశాను, చూసి కూడా చూడలేదు. ఒకరోజు కాళ్ళ పట్టీలు విప్పి నాకిచ్చేసింది. "నాకు విసుగొచ్చింది, నువ్వు పెట్టుకో" అంది. నేను వీధి చివరిదాకా ఘల్లుఘల్లుమని పరిగెత్తి వచ్చాను. ఆవిడ చీలమండలు వాచాయని, పట్టీలు పట్టడం లేదని నాకు తోచలేదు. పడుకునేటప్పుడు తలకింద మూడు దిండ్లు వేసుకునేది. "మూడు దిండ్లేంటే, మహారాణిలాగా?" అని అమ్మ అడిగితే, "గొంతుకి మంచిదటమ్మా" అంది. గొంతుకి మంచిదంటే ఇక మా ఇంట్లో ఎదురేముంది? అమ్మ నాలుగోది కూడా తెచ్చిచ్చింది.

ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతరకి మా పాట పెట్టించారు. చిరుజల్లు పడి ఆగింది. వేపాకు, తడిసిన పసుపు, పచ్చి మట్టి, బజ్జీల నూనె అన్నీ కలిసిన వాసన. రాగం అందుకున్నాక పెద్దక్క నా వేలు నాలుగుసార్లు నొక్కింది. నాలుగోసారి ఆవిడ చెయ్యి చల్లగా, చెమటతో జారిపోతోంది. వేదిక దిగాక మెట్ల దగ్గర ఆగి, గుంజ పట్టుకుని నిలబడింది. సరిగ్గా అప్పుడే రాజమండ్రి నుంచి వచ్చిన క్యాసెట్ల ఆయన నాన్నగారి రెండు చేతులూ పట్టుకుని, "శ్రావణంలో మనం క్యాసెట్టు చేసేద్దామండి మాష్టారూ. ఈ రాగం ఊరూరా మోగాలండి" అంటున్నాడు. నాన్నగారి మొహం అలా వెలగడం నేను మళ్ళీ చూడలేదు.

కరకజ్జం మిఠాయి పొట్లం చేతిలో పెట్టుకుని పెద్దక్క పక్కన కూర్చున్నాను. "అక్కా, నీకు ఆయాసం వస్తోందా? నాన్నగారికి చెప్పనా?" అన్నాను.

"వద్దు."

"నాలుగుసార్లు నొక్కావు."

"లెక్కపెడుతున్నావేంటే దొంగమొహమా?" అని నవ్వబోయి దగ్గింది. నెమ్మదిగా అంది. "చూడమ్మా, నాన్నగారికి తెలిస్తే పాట మాన్పించేస్తారు. క్యాసెట్టు అవ్వనీ. అయిన మర్నాడే నేను చెప్తాను, డాక్టరు దగ్గరికి వెళ్తాను. అందాకా నువ్వు మోస్తావు కదూ?"

నేను పొట్లం దారం విప్పుతూ, మళ్ళీ చుడుతూ కూర్చున్నాను.

"మామిడికాయల సంగతి నేనెవరికైనా చెప్పానా?" అంది.

అంతే. నోరు కుట్టేసుకున్నాను. పదకొండేళ్ళ దాన్ని, నాకు అది న్యాయంగానే తోచింది. నాలుగేగా, అనుకున్నాను. నాలుగు నేను మొయ్యగలను. ఆ మర్నాటి నుంచీ నాన్నగారు చెప్పక్కర్లేకుండా సాధన చేశాను. గుక్క పెరగాలని దొడ్లో నూతి గట్టు మీద కూర్చుని ఊపిరి బిగపట్టేదాన్ని. పెద్దక్క ఊపిరి తీసిన చోటు దేవుడికి కూడా తెలియకూడదని నా పంతం. ఆవిణ్ణి కాపాడుతున్నాననే అనుకున్నాను.

రాజమండ్రిలో మేడ మీద గది. శ్రావణమాసం ఉక్క. చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపేశారు, కిటికీలకి దుప్పట్లు కట్టారు. మెట్లెక్కి వచ్చేసరికి పెద్దక్క పెదాలు నల్లబడ్డాయి. "ఎండకి" అంది. క్యాసెట్ల ఆయన, "ఊపిరి చప్పుడు మైకులో పడుతోందండి, కొంచెం వెనక్కి జరగండమ్మా" అన్నాడు. నాన్నగారికి చిన్నతనమనిపించింది. "ఏంటర్రా ఇది, ఎప్పుడూ లేనిది?" అన్నారు. మూడుసార్లు పాడాం. నాలుగోసారి రాగంలో పెద్దక్క నా వేలు నొక్కింది, వదిలింది. నొక్కింది, వదిలింది. మూడోసారీ అంతే. చివర మళ్ళీ నొక్కింది. వదల్లేదు.

వదిలేదాకా మొయ్యాలి కదా, మోశాను. కళ్ళ ముందు మిణుగురులు తిరిగాయి. అటు పక్క చిన్నక్క గొంతు కూడా ఆగకుండా వస్తోంది. నడుమ గొంతు లేదు. నాన్నగారు కళ్ళు మూసుకుని పెట్టె ఎక్కడ ఆపితే అక్కడే ఆపాం. ఆయన గట్టిగా ఏదో అంటున్నారు, నవ్వుతున్నారు. నేను వినలేదు. పెద్దక్క గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. నా వేలు ఇంకా పట్టుకునే ఉంది.

కాకినాడ ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉంది. చిన్నప్పుడు కీళ్ళ వాపుతో వచ్చిన జ్వరం అప్పుడే గుండెని పట్టిందట, లోపల కవాటం పాడైపోయిందట. "ఆర్నెల్ల ముందు తెచ్చినా చూసేవాళ్ళమండి. ఇంత ఆయాసం ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అన్నాడు డాక్టరు.

"అదేంటండి, దాని గొంతులో వెంట్రుకవాసి తేడా వచ్చినా నాకు తెలుస్తుందండి" అన్నారు నాన్నగారు. అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు. నేను తలుపు పక్కన పట్టీలతో నిలబడి ఉన్నాను.

పదమూడో రోజు పెద్దక్క లేదు.

కర్మలన్నీ అయ్యాక క్యాసెట్ల ఆయన వచ్చి, ఆ టేపు నాన్నగారి చేతిలో పెట్టి, కళ్ళొత్తుకుని వెళ్ళిపోయాడు. నాన్నగారు ఎవరిదో టేపురికార్డరు తెచ్చి గది తలుపు వేసుకున్నారు. బయటికి పాట సన్నగా వినిపించింది. చివరిదాకా వచ్చేది. ఆగేది. మళ్ళీ వెనక్కి తిప్పిన చప్పుడు, మళ్ళీ ఆ చివరే. ఎన్నిసార్లో. పొయ్యి మీద అన్నం మాడిపోయినా అమ్మ లేవలేదు.

తలుపు తీసి నన్ను లోపలికి పిలిచారు. తల మీద చెయ్యి వేశారు. "నిజం చెప్పు తల్లీ. అక్కకి ఊపిరి అందడం లేదని నీకేమైనా తెలుసా?"

నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. "తెలీదు నాన్నగారూ" అన్నాను.

"అయితే చచ్చింది నా చెవి" అన్నారు ఆయన. కోపంగా కూడా కాదు.

హార్మోనియం అటకెక్కింది. ఎంతమంది వచ్చి బతిమాలినా దించలేదు. మా వెనక మిల్లులోనే వడ్లు ఆడించే మిషను దగ్గర పనికి కుదిరారు. ఆ మోతలో పక్కనున్న మనిషి అరిచి చెబితే గానీ వినపడదు. "మాష్టారూ, మీకిక్కడేంటండి ఖర్మ?" అని ఎవరో అంటే, "ఇక్కడ ఏదీ వినక్కర్లేదు కదండి" అన్నారట. ముసలితనంలో కూడా ఏదైనా చెప్పబోతే, "గట్టిగా చెప్పమ్మా, నా చెవులు పనికిరానివి" అనేవారు. చెవులు బాగానే ఉన్నాయని డాక్టర్లు చెప్పారు. నమ్మలేదు. నేను ఒక్క మాట చెబితే నమ్మేవారు. నాన్నగారూ, మీ చెవి తప్పు కాదు, నేనే దాచాను అని. ఆ మాట నా గొంతు దాకా ఎన్నిసార్లు వచ్చిందో! మంచం పక్కన కూర్చుని కాళ్ళు పట్టాను, పళ్ళరసం తాగించాను, ఆ మాట మాత్రం చెప్పలేదు. ఆయన తన చెవుల్నే తిట్టుకుంటూ పోయారు.

నిన్న సాయంత్రం చిన్నక్కకి ఫోన్ చేశాను. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటోంది.

"నీ కూతురు మన ఊపిర్లు తీసేసిందే" అన్నాను.

"అవునే, నాకూ ఏదోలా ఉంది. తీయకముందుది ఉందట, పెట్టమంటావా?" అని, పిల్ల చేత స్పీకరులో పెట్టించింది.

టేపు గరగర. హార్మోనియం కిర్రు. పాట అయింది, రాగం మొదలైంది. కాసేపటికి సన్నగా, గబుక్కున, పెద్దక్క ఊపిరి. నా చిటికెన వేలు దానంతటదే ముడుచుకుంది.

"ఇక్కడ నా వేలు నొక్కింది" అన్నాను. ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనని మాట, అలా వచ్చేసింది.

మళ్ళీ ఊపిరి. అది నాకు గుర్తు లేదు. ఇదెక్కడిది అనుకుంటుండగానే ఫోన్లో చిన్నక్క అందుకుంది. "ఇది నాకు."

ఇంకొకటి. "ఇది నాకు" అన్నాను. ఇంకొకటి. "నాకు." వెంటవెంటనే ఇంకో రెండు. "నాకు." "నాకు." అలా ఇద్దరం చెప్పుకుంటూ పోయాం. నావి నాలుగు. దానివి ఐదు. ఒక్క రాగంలో తొమ్మిదిసార్లు.

"నాలుగే కదా అనుకున్నానే" అన్నాను.

"నేను ఐదే కదా అనుకున్నాను. నీకు చెప్పొద్దంది. చిన్నది భయపడుతుందంది. క్యాసెట్టు అయిన మర్నాడు తనే చెప్తానంది" అంది చిన్నక్క. "చివర్లో నా వేలు వదల్లేదే."

"నా వేలూ వదల్లేదు."

అంటే ఆ చివర ఇద్దరి వేళ్ళూ ఒక్కసారే పట్టుకుంది. అలా పట్టుకోకూడదని నాన్నగారి నియమం. మేమిద్దరం ఎవరికి వాళ్ళం మోశాం, వదులుతుందని చూస్తూ.

"నాన్నగారు నిన్ను కూడా అడిగారా?" అన్నాను.

"నీ తర్వాత పిలిచారు."

"ఏం చెప్పావు?"

ఫోన్లో ముక్కు చీదుకున్న చప్పుడు. "తెలీదన్నానే" అంది.

ఒకే కంచంలో తిన్నవాళ్ళం, ఒకే చాప మీద పడుకున్నవాళ్ళం. ఇద్దరిలో ఒక్కరం రెండోదాన్ని కదిపి, నిన్నెన్నిసార్లు నొక్కింది అని అడిగి ఉంటే, నాలుగూ ఐదూ కలిసేవి. అక్కకి ఒక దారి దొరికేదేమో. పోనీ ఆ తర్వాతైనా నాన్నగారికి ఆ మాట చెప్పి ఉంటే, ఆయనైనా హార్మోనియం దించేవారు. మేం చెప్పలేదు. ఎవరికీ తెలియకుండా మొయ్యడం ఒక్కటే మాకు నేర్పిన విద్య, అది మాకు చక్కగా వచ్చింది.

ఫోన్ పెట్టేయబోయాను. అవతల టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. రాగం అయిపోయాక, మాటలెందుకని పిల్ల కోసేసిన చోట, హార్మోనియం మూసిన చప్పుడు, ఆ వెంటనే నాన్నగారి గొంతు. ఆనాడు నేను వినిపించుకోని మాట అదే. గదిలో తలుపు వేసుకుని ఆయన అన్నిసార్లు వెనక్కి తిప్పుకుని విన్నది దీన్నే అయి ఉంటుంది. సంతోషం పట్టలేక నవ్వుతూ అంటున్నారు.

"శభాష్ తల్లీ! ఎవరెక్కడ గుక్క తిప్పుకున్నారో నాకే తెలీలేదర్రా!"